చెల్లని కానుక

మా బావమరిదికి తెనాలిలో బట్టల కొట్టు వుంది. బట్టల కొట్టున్న బావమరిది దొరకడం అదృష్టమని మా కాలేజీ స్టాఫు రూములో అందరూ అంటారు. నిజమే గాని, దానివల్ల బేరమాడే హక్కు మనకు పోతుందనే సంగతి వారికి తెలియదు. అతను చెప్పిన ధరకు తీసికొని, అతను తెప్పించిన కాఫీ తాగి, తలవంచుకొని రావలసిందే.

2025 దసరాకు అట్లాగే వెళ్ళాము, నేనూ మా ఆవిడా. సెప్టెంబరు ఆఖరి వారం. కొట్టు కిటకిటలాడిపోతున్నది. కౌంటరు దగ్గర మాకు ముందు ఒక పెద్దావిడ నిలబడి వుంది. నేత చీర, కళ్ళజోడు, చేతికి గుడ్డసంచి. పంతులమ్మగారని చూడగానే తెలిసిపోయింది. మా వృత్తిలోని వాళ్ళకు ఆ ముద్ర ఎక్కడున్నా దాగదు. ఆవిడ ఒక చీర, రెండు జాకెట్టు గుడ్డలు బల్లమీద పెట్టి, సంచిలోంచి ఒక కవరు, ఆ కవరులోంచి ఒక కార్డు తీసి యిచ్చింది. ఎర్రటి కార్డు, దానిమీద బంగారు రంగు దీపం, కింద 'కానుక – రూ. 1,000' అనే అక్షరాలు.

కౌంటరులో కూర్చున్న అమ్మాయి దానిని యంత్రం ముందు పెట్టింది. కీచుమన్నది. తిప్పి పెట్టింది. మళ్ళీ కీచుమన్నది.

"గడువు దాటిందంటున్నదండీ టీచరుగారూ. చెల్లదట" అన్నది ఆ అమ్మాయి, తనే తప్పు చేసినట్లు.

"అదేమిటమ్మా, అయిదు నెలలేగా అయింది? ఏప్రిలు ఆఖరున నేను రిటైరయినప్పుడు అయిదో తరగతి పిల్లలు కొనిచ్చారు. నలభైమంది, తలా పాతిక వేసుకున్నారు." ఆవిడ గొంతులో కోపం లేదు. కార్డు వెనక్కు తిప్పి, కళ్ళజోడు సర్దుకొని, తరగతిలో చదివినట్లు స్పష్టంగా చదివింది: "జారీ చేసిన తేదీ నుండి ఒక సంవత్సరము వరకు చెల్లును. అని వున్నదిగా మరి?"

వెనుక నిలబడ్డ నాకు ఒళ్ళు ఝల్లుమన్నది. ఆ వాక్యం రాసింది నేనే.

సంవత్సరం కిందట, 2024 సెప్టెంబరులో, మా బావమరిది ఫోను చేసి, "బావగారూ, గిఫ్టు కార్డులు అచ్చు వేయిస్తున్నాను, తెలుగులో నాలుగు మాటలు కావాలి" అన్నాడు. తెలుగు ఎం.ఏ. చదివినందుకు యిటువంటి పనులు తప్పవు. శుభలేఖలు, సన్మాన పత్రాలు, యిప్పుడు కార్డులు. పది నిమిషాలలో రాసి పంపించాను. 'కొన్న' అనడం కంటె 'జారీ చేసిన' అంటే గౌరవంగా వుంటుందనిపించింది. ఎవరు జారీ చేస్తారో, ఏనాడు చేస్తారో ఆలోచించలేదు.

ఆవిడ చీర పక్కన పెట్టేసి, జాకెట్టు గుడ్డలకు మాత్రం డబ్బిచ్చి వెళ్ళిపోయింది. ఆ వాక్యం నాదేనని చెప్పుకొనే ధైర్యం నాకు లేకపోయింది. కౌంటరు అమ్మాయి మాత్రం ఆవిడ ఫోను నంబరూ, కార్డు నంబరూ ఒక చీటీమీద రాసుకొని, ఆ చీరను మడిచి బల్లకింద అరలో పెట్టడం చూశాను.

కానుకలిచ్చి పుచ్చుకోవడంలో మనకంటె గడుసువాళ్ళు ఎవరున్నారు చెప్పండి! పేరంటంలో వచ్చిన రవికె గుడ్డ మరో పేరంటంలో వెళ్ళిపోతుంది. యిల్లు యిల్లు తిరిగి మూడేళ్ళకు మన గుడ్డ మన యింటికే వస్తే గుర్తుపట్టి నవ్వుకొనే యిల్లాళ్ళు వున్నారు. పెళ్ళిలో చదివింపులంటే రొక్కం. ఎవరెంత చదివించారో నోటుపుస్తకంలో ఎక్కవలసిందే. గుడ్డ యిస్తే నచ్చకపోవచ్చు, రొక్కమిస్తే మొరటుగా వుండవచ్చు. యీ రెంటికీ నడుమ పుట్టినది గిఫ్టు కార్డు. అమెరికాలో అంతకు ముందు కాగితపు పత్రాలుగా వున్నవి 1990ల నడిమి కాలంలో ప్లాస్టిక్ కార్డులయ్యాయి. 2001 నవంబరులో స్టార్‌బక్స్ కాఫీ కంపెనీ తన కార్డు తెచ్చింది. వాడకం పెరిగిన కొద్దీ, జనం వాడకుండా మరచిపోయిన సొమ్ము కొట్లవారికి మిగలడమూ, గడువు పేరుతో కోతలూ పెరిగి, చివరకు 2009లో అక్కడ చట్టమే చేయవలసి వచ్చింది. 2010 ఆగస్టు నుంచి అమలులోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం అయిదేళ్ళ లోపున కార్డు గడువు తీరిపోకూడదు.

మన దేశంలో రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో యిచ్చిన ఆదేశాలలో దీనిని రెండు తెగలుగా చూశారు. ఒక కొట్టువారు తమ సరుకు కొనుక్కొనేటందుకే యిచ్చే కార్డు ఒక తెగ. దానికి బ్యాంకు అనుమతి అక్కరలేదు, దానిలోంచి నగదు తీయడానికీ వీలులేదు. పలుచోట్ల చెల్లే కార్డులు రెండో తెగ. వాటిలో కానుక కార్డయితే పదివేలకు మించకూడదు, ఒకసారి నింపినది మళ్ళీ నింపకూడదు, గడువు కనీసం ఒక ఏడాది వుండాలి. అంటే మా బావమరిది కార్డులాంటిదానికి గడువు ఎంతో, ఎప్పటినుంచో నిర్ణయించేది కొట్టు యజమానీ, అతను కొన్న బిల్లింగు సాఫ్టువేరూ అన్నమాట. ఆ రెంటికీ పొత్తు కుదరకపోతే ఏమవుతుందో అక్టోబరు మొదటి ఆదివారంనాడు కళ్ళారా చూశాను.

ఆ రోజు పొద్దున్నే ఫోను. "బావగారూ, ఒక్కసారి రావాలి. ఆడిటరు గుమాస్తా వచ్చి లెక్క చూస్తే కార్డులలో ఎనభై ఆరువేలు తేలడంలేదు" అన్నాడు మా బావమరిది. "కౌంటరు పిల్లమీద నాకు అనుమానంగా వుంది."

నాకు లెక్కలు రావు. కాని ఆ అమ్మాయి చీటీ రాసుకోవడం చూసినవాణ్ణి, వెళ్ళకుండా వుండలేకపోయాను. మా ఆవిడ కూడా బయలుదేరింది, "మా తమ్ముడికి తొందరెక్కువ" అంటూ.

కొట్టులో ఆ అమ్మాయి గోడవైపు నిలబడి వుంది. ఏడ్చిన ముఖం. ఆడిటరు గుమాస్తా కాగితం చూపించాడు. కంప్యూటరు చెప్పిన ప్రకారం జారీ అయిన కార్డులు 200, విలువ రెండు లక్షలు. కార్డుల అమ్మకంలో వచ్చిన డబ్బు 1,14,000. తేడా 86,000.

"రెండు వందల కార్డులూ అమ్మారా అమ్మాయీ?" అన్నాను.

"లేదండీ. అమ్మినవి నూటపద్దెనిమిది. మిగతావి పెట్టెలోనే వున్నాయండీ. చెబుతూనే వున్నాను, ఎవరూ చూడలేదు."

పెట్టె తెరిచి లెక్కపెట్టాము. డెబ్భైతొమ్మిది. అమ్మనే అమ్మని కార్డులు జారీ అయినట్లు ఎట్లా ఎక్కాయి? జారీ అన్న మాట దగ్గరకే మళ్ళీ వచ్చాను. కంప్యూటరు ముందు కూర్చొని, ఆ అమ్మాయి నడిపిస్తుంటే ఒక్కొక్క గడీ చదువుకుంటూ పోయాను. పాఠం చెప్పేవాడికి ఒక్క విద్య తెలుసు: మాటను మాటగా చదవడం.

కార్డులు మొదలుపెట్టేటప్పుడు ఆ సాఫ్టువేరు ఒక ప్రశ్న అడుగుతుంది. మూడు జవాబులలో ఒకటి ఎన్నుకోవాలి. కార్డు అమ్మినప్పుడే నంబరూ విలువా రెండూ పుట్టించడం ఒకటి. నంబరు ముందే అచ్చయిన కార్డుకు, డబ్బు పుచ్చుకున్న క్షణాన విలువ పోయడం రెండోది. నంబరూ విలువా రెండూ ముందే పోసి వుంచడం మూడోది. సాఫ్టువేరు అమర్చడానికి వచ్చిన కుర్రాడు పండుగ రద్దీలో కౌంటరువారికి సులువుగా వుంటుందని మూడోది ఎన్నుకొని, గంటలో పని ముగించి వెళ్ళిపోయాడు. అంటే 2024 సెప్టెంబరు 14న, ఒక్క కార్డయినా అమ్మకముందే, రెండు వందల కార్డులలోనూ వెయ్యేసి రూపాయలు ప్రాణం పోసుకున్నాయి. కౌంటరు పక్కన కొయ్యకు వేలాడిన ఎర్రకార్డులు ఉత్త ప్లాస్టిక్ ముక్కలు కావు, వెయ్యిరూపాయల నోట్లే. నోట్లను కొయ్యకు వేలాడదీసిన వర్తకుడు తెనాలిలో మా బావమరిది ఒక్కడే కాబోలు!

గడువు మూడువందల అరవై అయిదు రోజులన్నారు, బాగానే వుంది. కాని ఆ రోజులు లెక్కపెట్టడం మొదలయ్యేది జారీ తేదీ నుంచి. కంప్యూటరుకు జారీ అంటే తాను ప్రాణం పోసిన రోజు. టీచరుగారికి జారీ అంటే పిల్లలు కొన్న రోజు. 'జారీ' అరబ్బీ మాట. పారేది, ప్రవహించేది అని అర్థం. కోర్టులవల్లా కచేరీలవల్లా మనకు వచ్చింది. పారుతున్నది ఎప్పుడు మొదలయిందంటే గట్టుమీద నిలబడ్డవారు ఎవరికి వారు ఒక చోటు చూపిస్తారు. 2025 సెప్టెంబరు 14న కార్డులన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయి. ఆగస్టులో కొన్నవాడి కార్డు కూడా.

ఇంక లెక్కకు వద్దాము. 86,000 తేడాలో 79,000 పెట్టెలోని కార్డులే. మిగిలిన ఏడువేలు? బిల్లులు తిరగేస్తే యింకొక విడ్డూరం బయటపడింది. దసరాకు కొట్టంతటికీ పదిశాతం తగ్గింపు పెట్టినప్పుడు, కార్డును కూడా చీర లాగే సరుకని రాసి వుంచినందువల్ల, కంప్యూటరు దానిమీద కూడా పదిశాతం తగ్గించింది. నలభై కార్డులు తొమ్మిదివందలకే పోయాయి. అక్కడ నాలుగువేలు. కొందరు గడుసువాళ్ళు పొద్దున తొమ్మిదివందలకు కార్డు కొని, సాయంత్రం ఆ కార్డుతోనే, బట్టలమీద మళ్ళీ పదిశాతం తగ్గింపుతో, 1,111 రూపాయల బట్టలు పట్టుకుపోయారు. వారిని తప్పుపట్టలేము. తలుపు తీసి పెట్టింది మనము.

సరుకని రాయడంవల్ల పన్ను కూడా పడింది. కార్డు అమ్మినప్పుడే అయిదు శాతం జి.ఎస్.టి. ధరలో కలిపి కట్టేశారు. వెయ్యిలో నలభైయేడు రూపాయల చిల్లర. ఆ కార్డుతో చీర కొన్నప్పుడు చీరమీద మళ్ళీ పన్ను. కార్డు కొనేటప్పుడు దానితో ఏం కొంటారో ఎవరికి తెలుసు? 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 లోపు రెడీమేడు దుస్తుకు అయిదు శాతం, అది దాటితే పద్దెనిమిది. వోచరు లావాదేవీ సరుకూ కాదు, సేవా కాదని కేంద్ర పన్నుల బోర్డు 2024 డిసెంబరు 31న సర్క్యులరు యిచ్చింది. గుమాస్తా ఆ సంగతి చెప్పి, కొట్టువారు అయిదువేల నాలుగువందల పైచిలుకు పన్ను అదనంగా కట్టుకున్నారని తేల్చాడు. మా బావమరిది తలపట్టుకున్నాడు. మా ఆవిడ తమ్ముడికి మంచినీళ్ళు యిచ్చింది.

నేనడిగాను, "ఇంతకూ యిది సరుకు కాకపోతే ఏమిటి?" అని. "బాకీ అండీ" అన్నాడు గుమాస్తా. డబ్బు ముందు తీసుకొని సరుకు తర్వాత యిస్తానన్న మాట. కొన్న రోజున ఆ వెయ్యి అమ్మకం పద్దులో పడకూడదు, బాకీ పద్దులో వుండాలి. కార్డు వాడినప్పుడు అది డబ్బు చెల్లించే పద్ధతిగా కనిపించాలి. నగదులాగా, ఫోనుతో చెల్లించినట్లుగా. తగ్గింపుగా కనిపిస్తే బిల్లు విలువ తగ్గి పన్ను లెక్క తప్పుతుంది. ఆ కుర్రగుమాస్తా చెప్పిన తీరు నాకు నచ్చింది. మా విద్యార్థులలో సగంమందికి అంత తేటగా చెప్పడం రాదు.

డెబ్భైతొమ్మిది వేలూ, నాలుగు వేలూ పోగా ఇంకా మూడువేలు మిగిలాయి. మూడు కార్డులు. అమ్మలేదు, పెట్టెలో లేవు. అందరి చూపులూ మళ్ళీ ఆ అమ్మాయి మీదకు వెళ్ళాయి. ఎనభై ఆరువేలప్పుడు ఏడ్చిన మనిషి మూడువేలప్పుడు ఏడవలేదు. తలెత్తి, "నంబర్లు కొట్టి చూడండి సార్, ఎక్కడ వాడారో వస్తుంది" అన్నది.

వచ్చింది. మూడు కార్డులూ 2025 ఫిబ్రవరిలో ఒకేరోజు, ఒకే బిల్లులో వాడారు. బిల్లుమీద ఫోను నంబరు చూసి మా బావమరిది నోరు వెళ్ళబెట్టాడు. అది అతని అత్తవారివైపు పిన్నత్తగారిది. ఇంట్లోకి కబురు వెళ్ళింది. మా చెల్లెమ్మ, అంటే బావమరిది భార్య, చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"అవా అన్నయ్యగారూ! పిన్నిగారి గృహప్రవేశానికి కొయ్యమీంచి మూడు తీసికెళ్ళి చదివించాను. మన కొట్టువేగదా, బిల్లెందుకని!"

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మినప్పుడు ప్రాణం పోసే పద్ధతి పెట్టివుంటే ఆ మూడు కార్డులూ బిల్లు లేకుండా పనిచేసేవే కావు. చెల్లెమ్మ మరునాడే వచ్చి అడిగివుండేది. ఆ అమ్మాయి గోడవైపు నిలబడవలసి వుండేది కాదు.

మా బావమరిది సాయంత్రం ఆ అమ్మాయికి ఒక పట్టుచీర యివ్వబోయాడు. ఆమె పుచ్చుకోలేదు. "లెక్కలో నా తప్పేమీ లేదని కాగితం రాసివ్వండి చాలు" అన్నది. నేనే రాశాను. ఈసారి ప్రతి మాటా రెండుసార్లు చదువుకొని రాశాను. అతను సంతకం పెట్టాడు. క్షమాపణ మాత్రం నా చెవిని పడలేదు; కొట్టు యజమానులకు ఆ మాట తొందరగా నోరు తిరగదు.

అసలు పేచీ ఆ తర్వాత వచ్చింది. అమ్మిన నూటపద్దెనిమిదిలో ముప్ఫైమూడు కార్డులు ఎవరూ వాడకముందే గడువు తీరిపోయాయి. ముప్ఫైమూడు వేలు. "పన్ను నష్టమూ తగ్గింపు నష్టమూ దీంతో పూడుతుంది బావగారూ. వాడనివాళ్ళది వాళ్ళ తప్పు" అన్నాడు. వ్యాపారంలో యిది లేని పద్ధతేమీ కాదు. పెద్ద కంపెనీలు కూడా వాడకుండా పోయే కార్డుల పాలు ఎంతో అంచనా వేసి రాబడిలో చూపుకోవడానికి లెక్కల ప్రమాణాలలోనే వీలున్నది. కాని గడువు సంగతి కొన్నవాడికి సరిగా చెప్పకుండా మిగుల్చుకున్నది రాబడి ఎట్లా అవుతుంది? ఆ మాటే అన్నాను. వాక్యం నాది గనుక గట్టిగానే అన్నాను. అతను వినలేదు. చివరకు మా ఆవిడ, "ఒరే, ఆ టీచరుగారి దగ్గర అయిదో తరగతి చదివినవాళ్ళు యీ వూళ్ళో ఎంతమంది వుంటారో లెక్క వేసుకో" అన్నది. వర్తకుడికి ఆ లెక్క చప్పున అర్థమయింది.

ఆ రాత్రే ముప్ఫైమూడు కార్డుల గడువునూ 2026 ఉగాది దాకా మార్చాము. ఒక్కొక్క కార్డు తెరిచి తేదీ దిద్దడమే, గంట పట్టింది. పెట్టెలోని డెబ్భైతొమ్మిదినీ రద్దు చేసి కత్తిరించేశాము. కొత్త కార్డులకు అమర్పు పూర్తిగా మార్చారు. డబ్బు పడేవరకు విలువ సున్న, గడువు అమ్మిన రోజు నుంచి, తగ్గింపులు కార్డుకు తగలవు, మిగులు ఎంతో బిల్లుకింద అచ్చవుతుంది. నంబర్లు కూడా వరుసగా కాకుండా కలగాపులగంగా వేయించారు. ఒకటి చూసినవాడు పక్కది ఊహించకుండా. వెనుక గీకితే కనిపించే రహస్య సంఖ్య కూడా వుంది. ఇంటర్నెట్ పోయినప్పుడు కార్డు తీసుకోకూడదని కౌంటరు అమ్మాయే పట్టుబట్టింది. రెండు కంప్యూటర్లు ఒకదాని సంగతి ఒకటి ఎరగకుండా వుంటే ఒకే కార్డు రెండు చోట్లా చెల్లిపోతుందట. నాకు తోచలేదు ఆ సంగతి.

విలువ దగ్గర చెల్లెమ్మ మాట నెగ్గింది. వెయ్యి ఏమిటి, బోడిగా! వెయ్యిన్నూటపదహార్లు వుండాలని. కొత్త కార్డుమీద 1,116 అని వేశారు. వెనుక వాక్యం నేనే రాశాను: 'మీరు కొన్న తేదీ నుండి ఒక సంవత్సరం చెల్లుతుంది. ఆఖరు తేదీ మీ బిల్లుమీద వుంది.'

దీపావళికి రెండు రోజుల ముందు, కౌంటరు అమ్మాయి ఫోను చేసి పిలిస్తే, టీచరుగారు వచ్చారు. కావాలనే నేనూ వెళ్ళాను. కార్డుమీది వాక్యం నాదేనని ఆవిడతో చెప్పాను. "లెక్చరరు గారా! నేనూ మా బళ్ళో నోటీసులు అట్లాగే రాసేదాన్ని లెండి" అని నవ్వేసింది.

బల్లకింద అరలోంచి ఆ చీర బయటకు వచ్చింది. తగ్గింపు పోగా 984 రూపాయలు. యంత్రం ఈసారి కీచుమనలేదు.

"ఇంకా పదహారు రూపాయలు మిగిలిందండీ" అన్నది అమ్మాయి. "నగదుగా యివ్వడానికి లేదు. కార్డులోనే వుంటుంది."

ఆవిడ బల్లమీది కవరు తీసుకొని కార్డు అందులో పెట్టుకుంది. కవరుమీద పెన్సిలుతో, పెన్నుతో, రంగు రంగుల సిరాలతో వంకర టింకరగా నలభై పేర్లు వున్నాయి.

"అయితే యిది నేను వుంచుకోవచ్చన్నమాట" అన్నది.